మూడో బుడిపె పదింటికాడ

అరవై మూడు శాతం దగ్గర
ఓబన్న ప్లగ్గు పీకేశాడు.

తప్పు అతనిది కాదు.
హసావి గదిలో పన్నెండుమందికి రెండే సాకెట్లు.
రాత్రి డ్యూటీ దిగి వచ్చి, బియ్యం కడిగి
కుక్కరు తీగకు చోటు వెతుక్కున్నాడు.
నేను బాత్రూము వరుసలో ఉన్నాను,
తువ్వాలు భుజాన, సబ్బు చేతిలో.
తిరిగొచ్చేసరికి అన్నం ఉడుకుతోంది,
నా గిటారు పెడల్ చల్లబడిపోయింది.

దీపం లేదు. తెర మీద అక్షరం లేదు.
ఎక్కడ తొక్కినా ఉలుకూ పలుకూ లేదు.
ఇట్లా అయినదాన్ని ఇటుక అంటారని చెప్పాను.
రాత్రంతా సాల్మియాలో ఇటుకలు మోసి వచ్చినవాడు
చేతిలోకి తీసుకుని, బరువు చూసి
"కిలోన్నర. గోడకు పనికిరాదు" అన్నాడు.
నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

మనీలా వెళ్ళిపోతూ రొమేల్ అమ్మాడు దీన్ని,
ముప్పై దినార్లు, మూడు వాయిదాలు.
"బాగానే ఉంది, కెలకొద్దు" అన్నాడు.
బాగున్నదాన్ని బాగుచెయ్యబోవడం నా జబ్బు,
ఏసీ మెకానిక్కు ఉండకూడని జబ్బు.

శుక్రవారం. బయట దుమ్ము.
కిటికీకి అతికించిన అట్టముక్క చుట్టూ పసుపు గీత.
పాత అకామా తీరిపోయి, కొత్తది పడక
నడుమ ఎక్కడో ఫైలు ఆగిపోయిన మనిషిలాగ ఉంది పెట్టె:
లోపల లేదు, బయటా లేదు.
అట్లాంటి నాలుగు నెలలు నాకు తెలుసు.
పోలీసు బండి చూసి సందు మారిన నడక తెలుసు.
ఏదో కౌంటరు వెనక ఎవరో గుమస్తా
ఏదో గడి నొక్కితే మళ్ళీ మనిషినయ్యాను.
దీనికీ ఒక గడి ఉండే ఉంటుంది.

ఉంది.
రెండు చివరల మీటలు రెండు బొటనవేళ్ళతో అదిమిపట్టి
అప్పుడు కరెంటివ్వాలి. వదలకుండా పది లెక్కపెట్టాలి.
నాకున్నవి రెండే చేతులు
కాబట్టి ప్లగ్గు ఓబన్నకిచ్చాను.
పీకిన చెయ్యే పెట్టింది.
ఏడు దగ్గర
చీమ కన్నంత ఎర్రచుక్క.
పాటలు, పేర్లు, గొంతులు అన్నీ పోయినా
అట్టడుగున పోకుండా మిగిలిందొకటి
"ఫైలు పంపు" అని మాత్రమే అడుగుతోంది.

పంపాను. పదకొండు నిమిషాలు.
ఓబన్న సాకెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాడు.
ఫోను చార్జరుతో వచ్చిన నజీరును కసురుకున్నాడు.
అన్నం అడుగంటిన వాసన. ఎవరం లేవలేదు.
అరవై మూడు వచ్చినప్పుడు
ఇద్దరమూ తెర వైపు చూడలేదు.

నూరు.
వెలిగింది, కొట్లోంచి అప్పుడే దిగినట్టు.
తెర మీది ఆరు బొమ్మ బుడిపెలూ
పన్నెండు కొట్టినట్టు నిటారుగా నిలబడ్డాయి.
రెండేళ్ళు కూర్చుకున్న నా నాదం లేదు.
మేడ మీద పాత కంప్రెసరు ఆగిపోతూ
చివరగా తిరిగే తిరుగుడులాంటిదది,
ఏ కాగితం మీదా రాసుకోలేదు.

"మూడో బుడిపె పదింటికాడ ఉంటాండె."

పై మంచం ఓబన్నది.
పగలు నిద్ర పట్టనప్పుడు కిందికి చూసేవాడట.
హెడ్‌ఫోను నా చెవులకు, తీగల చప్పుడు దోమంత.
ఒక్క పాటా వినకుండా
రెండేళ్ళ సంగీతం చూశాడు.

"మొదటిది ఒంటిగంట దాటి రవ్వంత.
కడాది మూడు, కాదు, మూడున్నర.
అది తిప్పినప్పుడల్లా నువ్వు కండ్లు మూసుకుంటావు."

తిప్పాను. మూసుకున్నాను.
వచ్చింది. కొంచెం వేరేగానే వచ్చింది.

హెడ్‌ఫోను తీసి అతని తలకు పెట్టాను.
మాడిన మెతుకులు నములుతూ విన్నాడు,
దవడ ఆగింది, మళ్ళీ కదిలింది.

"ఇదేనా?" అన్నాడు.
"ఇంగ రవ్వంత పెద్దగా ఉంటాదనుకుంటి"
అని, ఎంగిలి కాని చేత్తో
కడాదాన్ని నాలుగింటికి జరిపాడు.